శ్రీమతి అన్బు మరియమ్మాళ్ అజరయ్యగారు

గడచిన మాసమున ఈ పుటలయందు తరిగొండ వెంగమాంబగారి చరిత్రమును వ్రాసితిమి. అది చదివి యొక సోదరీమణి మాకిట్లు వ్రాసినారు: "మీరు వ్రాయు స్త్రీలందఱును కవయిత్రులో, భక్తురాండ్రో, రాణులో యగుచున్నారు. భర్త లోకమున పేరు పొందగా తాను వంటయింటనే నిలిచిన యిల్లాలి చరిత్రమును వ్రాయుట మీకు చేతగాదా?" ఈ ప్రశ్న మమ్ము కొంత నొప్పించినది. అందు సత్యముండుటచేతనే నొప్పించినదని తరువాత తెలిసికొంటిమి.

మా బనగానపల్లెకు చేరువనే రవ్వలకొండ కలదు. శ్రీ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారు గరిమిరెడ్డి అచ్చమ్మగారి పశువులను కాచుచు ఆ కొండగుహలో కాలజ్ఞానము వ్రాసిరని మా యూరి పసిపిల్లలును చెప్పుదురు. అచ్చమ్మగారి పేరు ఇచట తెలియనివారు లేరు. కాని స్వామివారి ధర్మపత్ని గోవిందమ్మగారిని గూర్చి చెప్పుమన్నచో పెద్దలు సయితము తడవుకొందురు. స్వామివారు కందిమల్లాయపల్లెలో జీవసమాధి చెందునపుడు, ముత్తైదువ చిహ్నములను తీయవలదని ఆమెకు చెప్పిరని ఐతిహ్యము. అంతటితో ఆ తల్లి కథ ముగియును. ఆమె యెందఱకు వడ్డించెనో, ఎందఱు శిష్యుల యాకలి నెఱిగెనో చెప్పువారు లేరు.

బృహదారణ్యకోపనిషత్తునందును ఇదియే తీరు. యాజ్ఞవల్క్యునకు మైత్రేయి, కాత్యాయని యని యిరువురు భార్యలు. ఆయన యిల్లు విడిచి పోబోవునపుడు మైత్రేయి అమృతత్వమును గూర్చి ప్రశ్నించెను. ఆ సంవాదము నేటికిని పండితులు చదువుచున్నారు. కాత్యాయనిని గూర్చి, స్త్రీలకు తగిన గృహప్రజ్ఞ కలదని యొక్క మాట మాత్రమే కలదు. మా తండ్రిగారు ఈ ఘట్టమును పాఠము చెప్పు దినమున, "కాత్యాయని యేమనినది నాయనా?" అని మేమడిగితిమి. ఆయన నవ్వి, "ఆమెకు పని యుండెనేమో అమ్మా" అనిరి. అప్పుడు మాకును నవ్వు వచ్చినది. పెండ్లియైన పిదప ఆ నవ్వు మరల రాలేదు.

కావున ఈ మాసమున ఒక మతాచార్యుని భార్యను గూర్చి వ్రాయ సంకల్పించితిమి. ఆమె మా మతమునకు చెందినది కాదు, పుట్టుకచే తెలుగుదియు కాదు. అయినను ముప్పదియేండ్లకు పైగా తెలుగునేలపై కాపురముండి, తెలుగు పల్లెల స్త్రీల నడుమ పనిచేసినది. దోర్నకల్లు బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారి ధర్మపత్ని అన్బు మరియమ్మాళ్ గారు ఈమెయే. అరవమున అన్బు అనగా ప్రేమ. ఆ పేరును కొన్ని గ్రంథములు అన్బు అనియు, కొన్ని అంబు అనియు వ్రాయుచున్నవి. భర్త పేరునందు ఒక యక్షరమైనను తప్పినవారు లేరు. భార్య పేరునకు వచ్చుసరికి తప్పొప్పులు చూచు ఓపిక యెవరికిని లేకపోయినది.

అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెళ్లాలన్విళై యను చిన్న గ్రామమున జన్మించిరి. మన కందుకూరి వీరేశలింగముపంతులుగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాలను స్థాపించినదియు ఆ సంవత్సరముననే. అజరయ్యగారి తండ్రి థామస్ వేదనాయకంగారు గ్రామ క్రైస్తవ సంఘమునకు గురువు. తల్లి ఎల్లెన్ గారు. ఒక కుమార్తె పుట్టిన తరువాత పదుమూడేండ్లు సంతానములేక, దేవుని ప్రార్థించి ఆమె ఈ బిడ్డను కన్నదని చెప్పుదురు. వారి వేదమున హన్నా యను తల్లి యట్లే మొక్కుకొని శామ్యూలును కన్నది గనుక బిడ్డకు ఆ పేరే పెట్టినది. 1889లో భర్త పోగా, పదునైదేండ్ల కొడుకును చదివించి నిలబెట్టిన విధవరాలామె. అన్బుగారి యత్తగారు ఇట్టి యిల్లాలు. ఒక గురువు భార్య యెట్లు బ్రదుకవలెనో ఆ కోడలు పుస్తకములలో వెదుక నక్కఱలేకపోయినది.

అన్బుగారికిని అజరయ్యగారికిని 1898లో వివాహమైనది. దక్షిణదేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువు చదివిన మొదటివారిలో ఆమె యొకతె. ఆ కాలమున మన యిండ్లలో ఆడుపిల్లకు పలకయిచ్చుటయే వింత. వరుడు ఈ కన్యను గూర్చి, తిరునెల్వేలి యంతటను ఇంతటి భక్తిగల పిల్ల లేదని చెప్పుకొనుచుండెడివాడట. చదువును గాక భక్తిని మెచ్చుకొనినాడే యని మాకు మొదట కొంచెము కోపము వచ్చినది. పిమ్మట యోచింపగా, ఆ యింట రెండును అక్కఱకు వచ్చినవని తోచినది. అప్పటికి అజరయ్యగారు యువజన క్రైస్తవ సమాజమునకు కార్యదర్శి. 1895 మొదలు 1909 వఱకు ఆ యుద్యోగమున ఊరూరు తిరుగుటయే వారి పని. అన్బుగారికి ఆర్గురు బిడ్డలు కలిగిరి. కాలికి బలపము కట్టుకొని తిరుగు మగనితో ఆర్గురు బిడ్డల సంసారమన నేమో మన సోదరీమణులకు వేఱుగ వివరింపనక్కఱలేదు.

1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత ధనముతో, తమ మనుష్యులతో మతకార్యము నడుపవలెనని యొక సంఘమును స్థాపించిరి. విదేశీయులపై నాధారపడక స్వదేశీయులే పనిచేయవలెనను తలంపునకు ముఖ్యుడు అజరయ్యగారు. 1905లో అట్టి సంఘమే దేశమంతటికిని ఏర్పడినది. తిరునెల్వేలివారు ఎన్నుకొన్న క్షేత్రము నైజాము రాజ్యములోని దోర్నకల్లు. నేడది మహబూబాబాదు జిల్లాలో రైలుకూడలి. ఇతరులను పొమ్మని బోధించుచు తాను పట్నమున కూర్చుండుట తగదని, అజరయ్యగారు 1909లో గురుపట్టము పొంది తామే అచటికి బయలుదేరిరి.

ఆ నిర్ణయమును గూర్చి వ్రాసినవారందఱును ఆయన త్యాగమును కొనియాడిరి. కొనియాడదగినదే. కాని యిల్లాలి కంటితో ఒక్కమారు చూడుడు. అది పుట్టినింటికి వందలకోసుల దూరము. ఇరుగుపొరుగువారి భాష వేఱు, కూరల పేరులు వేఱు, నీళ్లు వేఱు. బిడ్డలు చిన్నవారు. సంతలో బేరమాడవలెనన్నను, జ్వరము వచ్చిన బిడ్డకు మందడుగవలెనన్నను క్రొత్త భాష నేర్వవలసినదే. మగవారికి క్రొత్తభాష ఉపన్యాసము చెప్పుటకు వలయును. ఆడువారికి నిప్పు అడిగి తెచ్చుకొనుటకు వలయును. వీనిలో ఏది ముందుగ నేర్వవలసి వచ్చునో చెప్పనక్కఱలేదు.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింటు పాల్ దేవాలయమున అజరయ్యగారికి బిషప్పు పట్టము గట్టిరి. బిషప్పు అనగా ఒక మండలములోని దేవాలయములకు, గురువులకు, పాఠశాలలకు పెద్ద. ఆంగ్లికను సంఘమున భారతీయుడొకడు ఆ పదవి నందుట అదియే మొదలు. నల్లవాని చేతిక్రింద తెల్లవారు పనిచేయుదురా యని ఆక్షేపించినవారు దొరలలోనే గాక మనవారిలోను ఉండిరి. మొదట చిన్నదిగా నుండిన దోర్నకల్లు మండలము క్రమముగా పెరిగినది. కృష్ణామండలపు సంఘములు చేరినవి. పందొమ్మిదవ శతాబ్ది నడుమనుండి ముత్యాలపాడు, నంద్యాల ప్రాంతములలో నడచుచుండిన సంఘములును తరువాత చేరినవి. ఆ విధముగా మా సీమ పల్లెలకును అన్బుగారి యింటికిని సంబంధము కలిగినది.

ఇక ఆమె చేసిన పనిని గూర్చి. ఆ సంఘములలో చేరినవారు చాలవఱకు మాలమాదిగ పల్లెల కూలివారు. పల్లెకొక యుపదేశకుడు. పగలు పిల్లలకు బడి, రాత్రి పెద్దలకు ప్రార్థన, పాటలు. ఈ యుపదేశకులను, గురువులను దోర్నకల్లులో తయారుచేసెడివారు. వచ్చినవారిలో పెక్కురు పెండ్లియైనవారు గనుక భార్యాబిడ్డలతోనే వచ్చిరి. అచట భర్తలకు శిక్షణ జరుగుచుండగా భార్యలకును శిక్షణ జరిగెడిది. చదువు, వ్రాత, కుట్టుపని, బిడ్డల పోషణము, శుభ్రత, పాటలు, వేదకథలు. స్త్రీల నడుమ జరిగిన ఈ పనియే అన్బుగారి పని. చంకన బిడ్డతో వచ్చిన యువతులు ఒడిలో బిడ్డను, మోకాలిపై పలకను పెట్టుకొని అక్షరములు దిద్దిరి.

ఇట్లు చేయుటకు గట్టి కారణము కలదు. మగ యుపదేశకుడు వీధిలో నిలిచి యెంత బోధించినను గడప దాటి లోపలికి పోలేడు. పురుడు వచ్చిన యింటికి పోలేడు. మగడు త్రాగి కొట్టిన రాత్రి ఆడుదాని ప్రక్కన కూర్చుండలేడు. అజరయ్యగారు పల్లెలను పట్టి పీడించు భూతములు నాలుగని చెప్పెడివారు: మురికి, రోగము, అప్పు, త్రాగుడు. ఈ నాలుగును ఆడువారి నెత్తిపై దిగునవియే. నీళ్లు మోయునది ఆమె, రోగిని చూచునది ఆమె, అప్పుకు కమ్మలు తీసి యిచ్చునది ఆమె, త్రాగుబోతు చేతిదెబ్బలు తినునది ఆమె. కావున భూతవైద్యము గడప లోపలనుండి జరుగవలెనని ఆ దంపతులు గ్రహించిరి. ఆడువారు రాత్రిబడిలో నాలుగు అక్షరములు నేర్చుట చిన్న విషయమని యెవరును తలంపరాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచుండిన స్త్రీలే సారా దుకాణమును మూయించిరి. మఱుసటి సంవత్సరము రాష్ట్రమంతటను సారాయి నిషేధింపబడినది.

మఱియొక యాచారమును చెప్పవలెను. దక్షిణదేశపు క్రైస్తవుల యిండ్లలో, ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేఱుకుండలో వేయును. వారాంతమున ఆ కుండలోని బియ్యమును దేవాలయమునకు తీసికొని పోవును. కూలినాలి చేయువారు రూపాయి యీయలేరు, పిడికెడు బియ్యము ఈయగలరు. పరదేశపు ధనముపై నాధారపడని సంఘము కావలెనని అజరయ్యగారు జీవితమంతయు చెప్పిరి. ఆ మాట నిలువవలెనన్నచో ప్రతిదినము ఒక యాడుది, తన బిడ్డ పళ్లెమున పడవలసిన బియ్యమునుండి పిడికెడు తీయవలెను. సిద్ధాంతము సభలో పుట్టవచ్చును గాని అది బ్రదుకునది యెసటికుండ యొద్దనే.

గురువుల భార్యలు ఇట్లు పనిచేయుట మన దేశమున మాత్రమే కాదు. ఇంగ్లండున మేరీ సమ్నరను నామె యొక గ్రామగురువు భార్య. ఆమె 1876లో తన యూరి తల్లులను, ధనికులను బీదలను ఒక్కచో చేర్చి, బిడ్డలను పెంచుట గూర్చి మాటలాడుకొందమని పిలిచినది. తీరా అందఱును వచ్చి కూర్చుండగా ఆమెకు నోరు పెగలలేదట. వచ్చు వారము రండని పంపివేసి, ఆ వారము ధైర్యము తెచ్చుకొని మాటలాడినదట. అట్లు మొదలైన మాతృసంఘము నేడు లోకమంతట వ్యాపించియున్నది. సభలో నిలువగానే నాలుక యెండిపోవు మన సోదరీమణులు ఈ కథను జ్ఞాపకముంచుకొందురు గాక.

ఇంతవఱకు చెప్పినది ఆమె పని. ఇప్పుడు మా మనస్సును కలచిన సంగతిని చెప్పుచున్నాము. 1910లో స్కాట్లండులోని ఎడింబరో నగరమున లోకపు మిషనరీల మహాసభ జరిగినది. అందు అజరయ్యగారు మాటలాడిరి. మీరు మాకు ధనము నిచ్చితిరి, శ్రమ నిచ్చితిరి, ప్రాణములను సయితమిచ్చితిరి, ఇక మాకు కావలసినది స్నేహమని వారి ప్రసంగపు సారము. ఏండ్ల తరబడి కలసి పనిచేయుచును ఒకరి యింట నొకరు కూర్చుండి భుజింపని తెల్లదొరలకు ఆ మాట ములుకువలె నాటినది. దానిని గూర్చి నేటికిని వ్రాయుచున్నారు.

కాని సోదరీమణులారా, భుజించుట యన్నచో ఆ పళ్లెములు ఎవరు పెట్టవలెను? ఎడింబరోలో అడిగిన స్నేహమును దోర్నకల్లులో ఈయవలసినవారు ఆ దంపతులే. పల్లెనుండి వచ్చినవారిలో మాలలు మాదిగలతో కూర్చుండి తినరు. మతము మార్చుకొన్నను పంక్తి మారలేదు. ఈ భేదము పోవలెనని బిషప్పుగారు ఎంతయో పాటుపడిరి. దేవాలయమున ఒక్క పాత్రనుండి అందఱును ప్రసాదము పుచ్చుకొనవలెనని బోధించుట బిషప్పు పని. ఇంట ఒక్క పంక్తిని వడ్డించుట ఇల్లాలి పని. ప్రసంగమును ఒక్కసారి చేసిన చాలును, వడ్డన ప్రతిదినము చేయవలెను.

మన వీరేశలింగముపంతులుగారి యింటను ఇట్లే జరిగినది. 1881లో వారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించినపుడు ఊరివారు వెలివేసిరి. వంటవారు రారైరి, నీళ్లు తెచ్చువారు రారైరి. అప్పుడు వారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు మోసి, తామే వంటచేసి పెట్టిరి. పంతులుగారి గ్రంథములు బీరువాలు నిండ కలవు. ఆ బిందెల లెక్క యెచటను లేదు. ఆ బిందెలే లేకున్నచో ఆ దినమున పెండ్లివారు పస్తుండవలసి వచ్చెడిది.

ఇక మా యింటి సంగతి. చెప్పుటకు సిగ్గగుచున్నది, అయినను చెప్పక దాచుట ధర్మము కాదు. మా వారు ఉపాధ్యాయులు గనుక ఈ సీమలో మమ్ము "ఐవారమ్మ" యని పిలుతురు. గడచిన వేసవిలో ఆళ్లగడ్డ దాపుల గ్రామమునుండి ఒక వృద్ధురాలు మా వారిచేత పింఛను కాగితము వ్రాయించుకొనుటకు వచ్చినది. మా వారు బడినుండి రావలసియుండెను. ఆమె అరుగుపై కూర్చుండి మమ్ము చూచి నవ్వి, "మా యమ్మగూడ ఐవారమ్మే తల్లీ" అన్నది.

ఆమె తండ్రి పల్లెలో ఉపదేశకుడట. తల్లి పెండ్లినాటికి అక్షరము రానిదట. భర్తతో కూడ పోయి రెండేండ్లు చదువుకొని వచ్చినదట. పగలు కూలికి పోయి, రాత్రి దీపము పెట్టి పల్లె ఆడుపిల్లలకు చదువు చెప్పినదట. "జీతం నాయనకే యిస్తాండ్రి. మా యమ్మకు పేరు మాత్రం ఇచ్చిరి. సచ్చేదాకా అందరూ ఐవారమ్మా అనే పిలిసిరి. అసలు పేరేందో మా పిల్లోళ్లకు తెలీదు" అని యామె చెప్పినది.

ఎండన పడి వచ్చినదని మంచినీళ్లు తెచ్చుటకు లోపలికి పోతిమి. మా పెరటిగోడ గూటిలో ఒక స్టీలు గ్లాసు కలదు. మా యత్తగారి కాలమునుండి అది వాకిట నిలుచువారికని వేఱుగ నుంచబడినది. మా చేయి తనంతట తానే ఆ గూటివైపు పోయినది. మేము యోచింపలేదు. చేయి యోచించినది. పదునాలుగేండ్ల సంసారమున ఆ చేతికి అంతటి యలవాటు. గ్లాసు పట్టుకొని బయటికి వచ్చుసరికి, గవాక్షమునుండి ఆమె మా చేతినే చూచుచుండెనని తెలిసినది. ఆమె ఏమియు అనలేదు. గ్లాసు పుచ్చుకొని, పెదవులకు తగులనీయక పైనుండి పోసికొని త్రాగి, కడిగి బోర్లించి పోయినది. కడుగుమని మేము చెప్పలేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఈ పుటలలో ఎన్నియో ధర్మములు వ్రాసితిమి. ఉపనిషత్తులనుండి శ్లోకములను ఉదాహరించితిమి. మా వారు బడిలో పిల్లలకు మనుష్యులందఱు సమానులని పాఠము చెప్పుచున్నారు. ఆ పాఠమంతయు మా పెరటి గూటియొద్దకు వచ్చి నిలిచిపోయినది. దానిని లోపలికి తెచ్చుటయో, వెలుపలనే నిలుపుటయో మా చేతిలో నున్నది. మఱునాటి యుదయమున ఆ గ్లాసును తీసి వంటయింటి గ్లాసులలో కలిపివేసితిమి.

ఇది సుఖముగా జరిగినదని వ్రాసినచో అసత్యమగును. మా యత్తగారు మూడు దినములు మాతో మాటలాడలేదు. నాలుగవ దినమున తమకు వేఱొక గ్లాసు కొనితెచ్చుకొనిరి. మా వారు, "మంచిపని చేసితివి" అని పలికి, తల్లితో మాత్రము ఒక్కమాటయు చెప్పక బడికి పోయిరి. ధర్మమునకు జయజయధ్వానములు మగవారివి, అత్తగారి మౌనము మనది. పింఛను కాగితము పనిమీద ఆ వృద్ధురాలు మరల వచ్చినపుడు మేము త్రాగు గ్లాసులోనే నీళ్లిచ్చితిమి. ఆమె ఈసారియు పైనుండియే పోసికొని త్రాగినది. అలవాటు మా చేతికి మాత్రమే కాక ఆమె చేతికిని కలదు. అది పోవుటకు ఎన్నిమారులు నీళ్లీయవలెనో!

ఇచట ఒక యాక్షేపణ రావచ్చును. "భర్తకు పదవి, భార్యకు చాకిరి. ఇట్టి స్త్రీలను పొగడుట వారికి జీతమీయకుండుటకు మంచి యుపాయము" అని యెవరైన అనవచ్చును. అందు న్యాయము కలదు. కళాశాల చదివిన అన్బుగారు నేడు పుట్టినచో ఒకరి భార్యగా గాక తన పేరుననే తెలియబడియుండెడిదేమో. లోకమును ఈ విషయమున కొంత ముందుకు నడచినది. 1947 సెప్టెంబరు 27వ తేదీన మదరాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. ఆ సంఘమున తొలి స్త్రీ బిషప్పుగా 2013 సెప్టెంబరు 30వ తేదీన అభిషేకము నందినవారు ఎగ్గోని పుష్పలలితగారు. వారు మా కర్నూలు సీమవారే, వారికప్పుడు లభించినది మా నంద్యాల మండలమే. కలకత్తాలో అజరయ్యగారికి పట్టము గట్టిన నూఱేండ్లకు, ఒకప్పుడు వారి మండలమున చేరియుండిన నంద్యాలలో ఒక స్త్రీ ఆ దండమును చేతబట్టినది. ఆ దండమునకు దారి వేసినవారిలో పలకపై అక్షరములు దిద్దిన ఉపదేశకుల భార్యలు కూడ కలరని మేము నమ్ముచున్నాము.

పదవి రాదగినవారికి పదవి రావలెను, జీతము రాదగినవారికి జీతము రావలెను. ఈ విషయమున మాకు సందేహము లేదు. కాని బిషప్పు పురుషుడైనను స్త్రీయైనను, ఆ ధర్మము ఇంటిలోనికి వచ్చునపుడు ఎవరో యొకరు గడపయొద్ద నిలిచి దానిని చేతబట్టి లోపలికి తీసికొని రావలెను. నేటివఱకు ఆ గడపయొద్ద నిలిచినది మనమే. లోపలికి రానిచ్చినదియు మనమే, రానీయక గూటిలో నిలిపినదియు మనమే. ఈ రెండవ మాటను మన చరిత్రలు వ్రాయువారు చెప్పరు గనుక మేము చెప్పుచున్నాము.

దోర్నకల్లులోని పెద్ద దేవాలయము 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడినది. హిందూ దేవళముల స్తంభములు, మహమ్మదీయుల గుమ్మటముల పోకడలు, క్రైస్తవుల సిలువ అందు కలసియున్నవి. దేశపు మతములన్నియు ఒక్క కప్పు క్రింద పలుకరించుకొనునట్లు కట్టించిరి. ఆరేండ్లకు, 1945 జనవరి 1వ తేదీన, అజరయ్యగారు దోర్నకల్లులోనే కన్నుమూసిరి. అప్పటికి వారి మండలపు క్రైస్తవులు రెండులక్షలకు పైబడియుండిరి. 1898లో మొదలైన దాంపత్యము నలువదియాఱేండ్లు నిండి ముగిసినది. రాతితో కట్టినది నేటికిని నిలిచియున్నది, చూచి రావచ్చును. అన్బుగారు నేర్పిన యక్షరములు ఏ పల్లెలో ఎవరి మనుమరాలి నోట నున్నవో చూపుటకు వీలులేదు. మా యరుగుమీద కూర్చుండిన వృద్ధురాలి మాటలలో కొంత వినవచ్చినదని మాకు తోచినది.

సోదరీమణులకు ఒక మనవి. మీ యింట పోయిన తరపు ఆడువారిలో "ఐవారమ్మ", "కరణమమ్మ", "పూజారమ్మ" యను భర్త యుద్యోగపు పేరుననే పిలువబడినవారు ఉందురు. వారి సొంత పేరును ఈ నెలలో అడిగి తెలిసికొనుడు. ఒక కాగితముపై వ్రాసి, వారు చేసిన పని నొకదానిని ఆ పేరు క్రింద వ్రాసి మాకు పంపుడు. వీలైనన్ని ప్రకటింతుము. మఱియు మీ పెరటి గూటిలో వేఱుగ నుంచిన గ్లాసు కలదేమో చూడుడు. దానిని గూర్చి మాకు వ్రాయనక్కఱలేదు.

ఆ వృద్ధురాలు మూడవమారు వచ్చినపుడు తల్లి పేరేమని అడిగితిమి. కొంతసేపు యోచించి చెప్పినది. ఆ పేరును మా లెక్కల పుస్తకములో, పాలవాని పద్దుకు పైన వ్రాసికొంటిమి. కాగితము చేతబట్టుకొని అరుగు దిగబోవుచు ఆమె వెనుదిరిగి, "మరి నీ పేరేంది తల్లీ?" అని యడిగినది. ఈ యూరికి వచ్చి పదునాలుగేండ్లైనను మమ్ము ఆ మాట అడిగినవారు అంతకుముందు లేరు.